చైనా వైద్యంలో పిల్లల ఉబ్బసం: వీపుకు పట్టు వేయించవచ్చా, ఇన్‌హేలర్ ఆపవచ్చా?

గ్వాంగ్‌ఝౌలో ఉంటున్న ఒక తెలుగు తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆరేళ్ల బాబుకు రెండేళ్లుగా ఉబ్బసం. రెండు పూటలా బుడెసొనైడ్ (శ్వాసనాళాల వాపును అదుపులో ఉంచే స్టెరాయిడ్) ఇన్‌హేలర్ వాడుతున్నారు, ప్రస్తుతం బాగానే ఉన్నాడు. ఎండాకాలంలో చైనా సంప్రదాయ వైద్యుల దగ్గర వీపుకు మందు పట్టు వేయించమని, వరుసగా మూడేళ్లు వేయిస్తే జబ్బు వేళ్లతో సహా పోతుందని పక్కింటి పెద్దావిడ చెబుతున్నారట. వేయించవచ్చా, ఇన్‌హేలర్ మానెయ్యవచ్చా, అసలు ఆ వైద్యంలో ఈ జబ్బును ఎలా చూస్తారు అన్నది వారి సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. పట్టు వేయించాలని మీకు మనసుంటే, పేరున్న ఆసుపత్రిలో, బాబుకు ఆయాసం లేని రోజు చూసుకుని వేయించండి. ఇన్‌హేలర్ మాత్రం ఆపవద్దు. పట్టు వేసినా, కషాయం తాగించినా అది నడుస్తూనే ఉండాలి. ఆయాసం వచ్చిన రోజున మూలికల జోలికి పోకుండా సాల్‌బ్యుటమాల్ (బిగుసుకున్న శ్వాసనాళాలను వెంటనే వదులు చేసే మందు) ఇవ్వండి. దానికీ తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తండి.

నేను పిల్లల డాక్టర్ని. ఎంబీబీఎస్ చైనాలోని జియాంగ్సు ప్రావిన్స్‌లో చదివాను. అక్కడ విదేశీ విద్యార్థులకు కూడా చైనా సంప్రదాయ వైద్యం ఒక పాఠ్యాంశం. ఇంటర్న్‌షిప్‌లో కొంతకాలం సంప్రదాయ వైద్య ఆసుపత్రి పిల్లల విభాగంలో, ఒక పెద్ద డాక్టరుగారి బల్ల పక్కన కూర్చున్నాను. ఇప్పుడు విశాఖలో ప్రాక్టీసు, వచ్చేవాళ్లలో ఉబ్బసం పిల్లలే ఎక్కువ. నేను చైనా వైద్యుణ్ణి కాను, ఆ మందులు రాయను. కానీ వాళ్లు ఎలా ఆలోచిస్తారో దగ్గరగా చూశాను కాబట్టి మీ మూడో ప్రశ్ననే కాస్త విపులంగా చెబుతాను. అది అర్థమైతే మిగతా రెండింటికీ జవాబు మీకే తోస్తుంది.

వాళ్ల లెక్కలో ఉబ్బసం ఒక్క ఊపిరితిత్తుల జబ్బు కాదు. ఊపిరితిత్తులు, ప్లీహం, మూత్రపిండాలు, ఈ మూడూ కలిసి చేసే పని చెడిపోవడం. ఇక్కడ ప్లీహం అనగానే కడుపులో ఎడమవైపు ఉండే అవయవాన్ని ఊహించుకోకండి. తిన్నదాన్ని అరిగించి, అందులోని సారాన్ని ఒంటికి పంచే శక్తికి వాళ్లు పెట్టుకున్న పేరది. ఆ శక్తి మందగిస్తే అరగని తేమ కఫంగా మారుతుంది, ఆ కఫం వెళ్లి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కఫం పుట్టేది ప్లీహంలో, నిలవ ఉండేది ఊపిరితిత్తుల్లో అన్న సూత్రం అక్కడి వైద్య విద్యార్థులందరికీ కంఠతా వస్తుంది. ఇక మూత్రపిండాల పని, పీల్చిన గాలిని కిందికి లాగి పట్టి ఉంచడం. నాలుగడుగులు పరుగెత్తగానే రొప్పుతూ, రాత్రిపూట పక్క తడుపుతూ, వయసుకు తగ్గ ఎదుగుదల లేని పిల్లవాడిని చూస్తే మూత్రపిండాల బలహీనత అంటారు. పిల్లల్లో ఈ మూడూ ఇంకా గట్టిపడి ఉండవని, అందుకే జలుబూ అజీర్తీ ఊరికే పట్టుకుంటాయని 16వ శతాబ్దపు వైద్యుడు వాన్ చ్యుయెన్ రాశాడు. ఇవాళ్టికీ అక్కడి పిల్లల వైద్యం నిలబడింది ఆ పునాది మీదే.

అసలు కీలకం దాగి ఉన్న కఫం అన్న ఊహ. పిల్లవాడు ఆడుతూ పాడుతూ ఉన్న రోజుల్లో కూడా అది లోపల ఎక్కడో నక్కి ఉంటుంది. చల్లగాలి, జలుబు, పుప్పొడి, పడని తిండి, గట్టిగా ఏడవడం, ఏదో ఒకటి దాన్ని కదిలిస్తుంది. కదిలిన కఫం గాలిదారికి అడ్డం పడితే పిల్లికూతలు మొదలవుతాయి. కఫం అన్న మాట తీసి శ్వాసనాళాల వాపు అన్న మాట పెట్టి చదవండి. దగ్గు, ఆయాసం ఏమీ లేని రోజున కూడా ఉబ్బసం ఉన్న బిడ్డ శ్వాసనాళాల లోపలి పొర వాచే ఉంటుందని, ఏదో ఒకటి తగిలితే బిగుసుకుపోతుందని ఆధునిక వైద్యమూ చెబుతుంది. రెండు సిద్ధాంతాలూ ఒకటేనని నేను అనను. ప్లీహానికీ కఫానికీ వాళ్లు చెప్పే సంబంధానికి శరీరధర్మ శాస్త్రంలో ఆధారం లేదు. కానీ జబ్బు కనబడని రోజుల్లో కూడా జబ్బు ఉంటుంది అన్నచోట రెండూ కలుస్తాయి.

14వ శతాబ్దంలో ఝూ డాన్‌షి అనే వైద్యుడు దీన్ని చికిత్సగా మలిచాడు. ఆయాసం లేనప్పుడు ఒంటి బలాన్ని నిలబెట్టడం ముఖ్యం, ఆయాసం వచ్చినప్పుడు జబ్బును తరమడం అత్యవసరం అన్నాడు. ఇప్పటికీ అక్కడి పిల్లల ఉబ్బసం చికిత్స ఈ రెండు భాగాలుగానే నడుస్తుంది.

ఆయాసం ఉన్నప్పుడు మొదట తేల్చేది అది చలువదా, వేడిదా అన్నది. నేను కూర్చున్న గదిలో డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టేవారు, ఎక్స్‌రే చూసేవారు. ఆ తర్వాత బిడ్డ నాలుక చాపించి, టార్చి వేసి, పూత తెల్లగా ఉందా పసుపుగా ఉందా, పలుచగా ఉందా జిగటగా ఉందా అని చాలాసేపు చూసేవారు. మూడేళ్లలోపు పిల్లలైతే చూపుడువేలి పక్కన కనబడే సన్నటి నరాన్ని తన బొటనవేలితో మెల్లగా రాసి, దాని రంగు, అది ఏ కణుపు దాకా పాకిందో చూసేవారు. తల్లిని అడిగే ప్రశ్నలు మనకు వింతగా ఉంటాయి. నిద్రలో తల తడిసిపోతుందా? మలం గట్టిగా వస్తుందా? చన్నీళ్లు అడుగుతాడా, వేన్నీళ్లు అడుగుతాడా? కఫం నురగలా తెల్లగా ఉందా, పచ్చగా చిక్కగా ఉందా?

తెల్లటి నురగ కఫం, చల్లటి చేతులు, పాలిపోయిన ముఖం ఉంటే చలువ రకం. దానికి షియావో చింగ్ లోంగ్ టాంగ్ అనే కషాయం. హాన్ రాజుల కాలపు చివరి రోజుల్లో, అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన యోగం, అంటే మందుల కూర్పు, అది. పచ్చటి కఫం, జ్వరం, దాహం, మలబద్ధకం ఉంటే వేడి రకం. దానికి మా షింగ్ షి గాన్ టాంగ్. ఇందులో ఎఫెడ్రా, చేదు ఆప్రికాట్ గింజల పప్పు, జిప్సమ్, అతిమధురం ఉంటాయి. ఇంట్లో మట్టికుండ పెట్టి కాచేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఆసుపత్రే యంత్రంలో కాచి, గోధుమరంగు ద్రవాన్ని పూటకొకటి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో సీలు చేసి ఇస్తుంది. పిల్లల చేత అది తాగించడం మాత్రం అక్కడి తల్లులకూ యుద్ధమే.

పై రెండు కషాయాల్లోనూ మా హువాంగ్, అంటే ఎఫెడ్రా, ఉంది. 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి దీని నుంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. 1920లలో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో చెన్ కెహుయి, కార్ల్ ష్మిట్ దాని ప్రభావాన్ని పరిశోధించి ప్రకటించాక, ప్రపంచమంతా కొన్ని దశాబ్దాల పాటు ఉబ్బసానికి ఎఫెడ్రిన్ మాత్రలు వాడింది. గుండె దడ, నిద్రలేమి, రక్తపోటు పెరగడం లాంటి చిక్కులు లేకుండా శ్వాసనాళాల మీదే పనిచేసే మందు కోసం వెతుకుతూ వెళ్లిన దారిలోనే సాల్‌బ్యుటమాల్ వచ్చింది. కాబట్టి ఆ పాత కషాయాలు పనిచేయవు అని నేను అనను. పనిచేస్తాయి కాబట్టే భయం. అమెరికాలో ఎఫెడ్రా ఉన్న ఆహార సప్లిమెంట్లను 2004లో నిషేధించారు. ఆయాసంలో ఉన్న బిడ్డకు ఇన్‌హేలర్‌తో సాల్‌బ్యుటమాల్ ఇస్తూ, పక్కనుంచి ఎంత ఎఫెడ్రిన్ ఉందో తెలియని కషాయం పోస్తే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో ఆలోచించండి.

పక్కింటి ఆవిడకు తెలియకపోవచ్చు గానీ, చైనాలోని పెద్ద సంప్రదాయ వైద్య ఆసుపత్రుల్లో కూడా తీవ్రమైన ఆయాసానికి నెబ్యులైజర్, ఆక్సిజన్, స్టెరాయిడ్లే ఇస్తారు. నేను చూసిన వార్డులో బుడెసొనైడ్ నెబ్యులైజర్ లేని పూట లేదు. కషాయం దానికి తోడుగా నడిచేది. ఇన్‌హేలర్ పారేసి నా మందు తాగించు అని అక్కడి చదువుకున్న వైద్యులు అనగా నేను వినలేదు. అలా అనేవాళ్లు సాధారణంగా ఆసుపత్రి బయట, ప్రకటనల్లో ఉంటారు.

ఆయాసం తగ్గాక మొదలయ్యే రెండో భాగంలో ఊపిరితిత్తుల బలహీనతకు యు పింగ్ ఫెంగ్ సాన్ ఇస్తారు. పేరుకు అర్థం పచ్చరాతి గాలితెర, ఉన్నవి మూడే మూలికలు. తిండి సరిగా తినని, విరేచనం పలుచగా అయ్యే పిల్లలకు ప్లీహాన్ని బలపరిచేవి వేరు, మూత్రపిండాలకు వేరు. వీటిలో ఎఫెడ్రా ఉండదు, కాబట్టి మొదటి భాగం మందులకన్నా ఇవి మెత్తనివి. వీటి మీద చైనాలో అధ్యయనాలు చాలా జరిగాయి. చాలావరకు చిన్నవి, ఏ బిడ్డకు ఏ మందు ఇస్తున్నారో డాక్టరుకూ తల్లికీ తెలిసేలా జరిగినవి. మందు ఇస్తున్నామని తెలిస్తే తగ్గిందని అనిపించడం సులువు, కాబట్టి మేలు ఉందని ఒట్టేసి చెప్పలేం. పిల్లలకు ఆక్యుపంక్చర్ సంగతీ అంతే.

ఇప్పుడు మీ పట్టు సంగతికి వద్దాం. చలికాలపు జబ్బును ఎండాకాలంలో పట్టుకోవాలన్నది వాళ్ల సూత్రం. వేసవి అయనం తర్వాత వాళ్ల పంచాంగం ప్రకారం 'ఫు' అనే మండే ఎండల రోజులు మూడు విడతలుగా వస్తాయి. జులై మధ్యలో మొదలై ఆగస్టు దాకా సాగుతాయి, మన లెక్కలో సుమారుగా పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెలు. ఒంట్లో వేడి, బయట వేడి రెండూ పరాకాష్ఠలో ఉన్న ఆ రోజుల్లో లోపలి చలువ కఫాన్ని సులువుగా కరిగించవచ్చని నమ్మకం. 1695లో ఝాంగ్ లు అనే వైద్యుడు రాసిన పుస్తకంలో దీని యోగం ఉంది. తెల్ల ఆవాలు, యన్‌హుసువో అనే దుంప, గాన్‌సుయ్ వేరు, షీషిన్ వేరు పొడి చేసి అల్లం రసంతో ముద్ద కలుపుతారు. రూపాయి బిళ్లంత ముద్దను మెడ కింద వెన్నుపూసకు రెండువైపులా, ఊపిరితిత్తులకు సంబంధించినవని చెప్పే బిందువుల మీద పెట్టి ప్లాస్టర్ అంటిస్తారు. పెద్దవాళ్లకు నాలుగైదు గంటలు ఉంచుతారు, పిల్లలకు గంటా రెండు గంటలకు తీసేస్తారు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల ముందు తాతలూ అమ్మమ్మలూ పిల్లల చేతులు పట్టుకుని బారులు తీరుతారు.

మనకిది కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో మృగశిర కార్తె రోజున బత్తిన కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి ఇచ్చే చేప మందు కోసం వేలమంది వస్తారు. దాన్నీ వరుసగా మూడేళ్లు వేసుకోమంటారు. వంటకం వేరు, పద్ధతి అచ్చం ఒకటే: పంచాంగంలో ఒక రోజు, మూడేళ్ల దీక్ష, వేళ్లతో సహా పోతుందన్న మాట.

మూడేళ్లు అన్నచోటే నా అనుమానమంతా. చిన్న వయసులో పిల్లికూతలు వచ్చే పిల్లల్లో చాలామందికి బడి వయసు వచ్చేసరికి, మరికొందరికి యుక్తవయసుకు అవి వాటంతటవే తగ్గిపోతాయి. నాలుగేళ్ల బిడ్డకు పట్టు మొదలుపెట్టి ఏడేళ్లకు ఆపితే, ఈలోపు తగ్గిన పిల్లలందరి పుణ్యం పట్టు ఖాతాలో పడుతుంది. తగ్గనివాళ్ల గురించి ఎవరూ చెప్పుకోరు. పైగా జబ్బు ఎక్కువగా ఉన్న చలికాలంలో నిర్ణయం తీసుకుని, మామూలుగానే కాస్త నెమ్మదించే వేసవిలో వేయిస్తారు. పక్కింటావిడ అబద్ధం చెబుతున్నారని కాదు, వాళ్ల మనవడికి నిజంగానే తగ్గి ఉంటుంది.

పట్టు వేయించేటట్టయితే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఆ ముద్ద చర్మాన్ని మండిస్తుంది. కాస్త ఎర్రబడటం మామూలే, బొబ్బ ఎంత పెద్దదైతే మందు అంత బాగా పట్టినట్టు అన్న నమ్మకం మాత్రం తప్పు. ఒక పాపకు వాళ్ల నాయనమ్మ ఆ నమ్మకంతోనే రాత్రంతా పట్టు తీయకుండా ఉంచింది. మర్నాడు వీపు మీద వరుసగా నీటి బొబ్బలు, ఒకటి చిట్లి చీము పట్టింది. బిడ్డ మండుతోందని ఏడిస్తే గడియారం చూడకుండా తీసేయండి. జ్వరం, ఆయాసం, చర్మం మీద ఎగ్జిమా, అంటే అలర్జీ దురద దద్దుర్లు (ఉబ్బసం పిల్లల్లో ఇవి ఎక్కువే) ఉన్నప్పుడు వేయించకండి. ఆన్‌లైన్‌లో కొన్న పట్టీలు ఇంట్లో వేయకండి.

కషాయం కూడా రాస్తే, చీటీ మీద ఉన్న మూలికల పేర్లు అడిగి తెలుసుకోండి. మూడింటి గురించి ప్రత్యేకంగా అడగండి. ఒకటి మా హువాంగ్, కారణం పైన చెప్పాను. రెండోది షీషిన్. ఇందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉండవచ్చు, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. ఆ ఆమ్లం ఆకుల్లో ఎక్కువ కాబట్టి చైనా ఔషధ కోశం, అంటే మందుల ప్రమాణాలు చెప్పే ప్రభుత్వ గ్రంథం, 2005 నుంచి వేరు మాత్రమే వాడాలంది. నేనైతే నా బిడ్డకు నోటి ద్వారా షీషిన్ ఇవ్వను. మూడోది గింకో అనే చెట్టు గింజలు. ఎక్కువైతే పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

ఇంకొకటి. మీరు శాకాహారులైతే ముందే చెప్పండి. అక్కడ ఉబ్బసం చీటీల్లో ఎండబెట్టిన వానపాము, కీచురాయి విడిచిన పొర, బూజు పట్టి చనిపోయిన పట్టుపురుగు తరచుగా ఉంటాయి. మాటవరసకు అన్నది కాదు, ఆ ఆసుపత్రి మందుల గదిలో చెక్క సొరుగు లాగి తూకం వేస్తుంటే నేనే చూశాను. ఆచారం సంగతి పక్కన పెట్టినా, అలర్జీ శరీరం ఉన్న బిడ్డకు కొత్త జంతు ప్రోటీన్ ఇవ్వడం తెలివైన పని కాదు.

పేరు లేని మాత్రలు, పొట్లాలు ఎవరిచ్చినా వద్దు. చైనావైనా మనవైనా. మా దగ్గరికి ఒక ఎనిమిదేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. కొరియర్‌లో వచ్చే నల్ల గుళికలు వాడుతున్నాక ఆయాసం మంత్రం వేసినట్టు పోయిందట. బిడ్డ ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బింది, ఒళ్లు వచ్చింది, ఎత్తు పెరగడం ఆగింది. ఏడాది పాటు రోజూ నోటి ద్వారా స్టెరాయిడ్ పడిన బిడ్డ లక్షణాలవి. అలాంటివి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేసినా ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరు దగ్గరుండి మెల్లగా తగ్గించాలి. ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉందని భయపడి ఇంగ్లీషు మందు వద్దనుకున్న తల్లిదండ్రులే ఈ గుళికలు తెప్పించింది. ఇన్‌హేలర్‌లో ఉండేది మైక్రోగ్రాముల లెక్క. ఏళ్ల తరబడి వాడిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అమెరికా అధ్యయనంలో ఎత్తులో తేడా సగటున 1.2 సెంటీమీటర్లు. ఆ భయం అబద్ధం కాదు గానీ, దాని కొలత అంతే.

టుయినా అనే పిల్లల మర్దనం మాత్రం హాయిగా నేర్చుకోండి. బొటనవేలు ప్లీహానికి, ఉంగరపు వేలు ఊపిరితిత్తులకు, చిటికెన వేలు మూత్రపిండాలకు అని చెప్పి వేళ్లను, వీపును మెత్తగా రాస్తారు. ఉబ్బసం తగ్గుతుందన్న ఆశతో కాదు. పడుకునే ముందు తల్లి చేయి వీపు మీద పడితే పిల్లలు బాగా నిద్రపోతారు, నష్టమేమీ లేదు. పథ్యం దగ్గర జాగ్రత్త. ఐస్‌క్రీము, చల్లటి పండ్లు మానమంటే మానండి, పోయేదేం లేదు. పాలు, గుడ్లు, చేపలు అన్నీ ఒకేసారి తీసేయమంటే, నిజంగా అలర్జీ ఉందో లేదో పరీక్ష చేయించకుండా తీసేయకండి.

ఇక మీ రెండో ప్రశ్న. బాబు బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఇన్‌హేలర్ ఎందుకు అని మీకు అనిపించడం సహజం. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఆయాసం లేని నెలలో మందు ఆపేసినవాళ్లే. ఆధునిక వైద్యం ప్రకారం అది తప్పు అని మీకు తెలుసు. చైనా వైద్యం ప్రకారం కూడా అది తప్పే. దాగి ఉన్న కఫం మీద పనిచేయాల్సింది కఫం కదలని రోజుల్లోనే అని ఏడు వందల ఏళ్లుగా చెబుతున్నది వాళ్లే. రోజూ వాడే ఇన్‌హేలర్ చేసే పని కూడా ఆ రోజుల పనే. పక్కింటావిడ మళ్లీ అడిగితే ఝూ డాన్‌షి పేరు చెప్పండి, ఆవిడ వాదించరు.

ఒక మాట మాట్లాడటానికి కూడా ఊపిరి అందకపోయినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, సాల్‌బ్యుటమాల్ ఇచ్చిన మూడు నాలుగు గంటలకే మళ్లీ అవసరమైనా ఇంట్లో ఆగవద్దు. చైనాలో అంబులెన్సుకు 120. ఈ నంబరు, బాబు వాడే మందుల పేర్లు చైనా భాషలో రాసిన కాగితం బడి సంచిలో ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి ఉంచండి.

మందు తగ్గించడానికి దారి ఉంది. కనీసం మూడు నెలలు రాత్రి దగ్గు లేకుండా, ఆటల్లో ఆయాసం లేకుండా, సాల్‌బ్యుటమాల్ అవసరం పడకుండా గడిస్తే, మీ డాక్టరు డోసు ఒక మెట్టు దించి చూస్తారు. అది సెప్టెంబరులో మాత్రం పెట్టుకోవద్దని చెప్పండి. బడులు తెరవగానే జలుబులు ఒకరి నుంచి ఒకరికి పాకి, ఉబ్బసం పిల్లలు ఎక్కువగా ఆసుపత్రి పాలయ్యేది ఆ నెలలోనే. సంక్రాంతికి ఇంటికి వచ్చే ముందు కూడా వద్దు. ప్రయాణాలు లేని, ఒంట్లో నలత లేని నెల చూసుకుని మొదలుపెట్టండి.